అమలాపురానికి విమానమా, కారా? ముందు ఆ 40 వేల సంగతి చూడండి

అమలాపురం నుంచి వెళ్లి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఒకాయన రాశారు. జీతం 62 వేలు, ఖర్చులు 44 వేలు, చేతిలో ఉన్నది 20 వేలు. మొన్న నాన్నగారికి గుండెనొప్పి వస్తే విమానం టికెట్లకీ ట్యాక్సీలకీ కార్డు గీకారు, ఆ బాకీ ఇంకా 38 వేలుంది. ఇప్పుడు 2 లక్షలు పర్సనల్ లోన్ తీసి డౌన్‌పేమెంట్ కట్టి, 6 లక్షల కార్ లోన్‌తో బండి కొంటే ఎప్పుడు ఫోన్ వచ్చినా బయల్దేరిపోవచ్చు కదా అని అడుగుతున్నారు.

వద్దండీ.

విమానం గాల్లో ఉండేది గంటే. కానీ శంషాబాద్ చేరడానికి గంటన్నర, అక్కడ ఇంకో గంటన్నర, దిగేదేమో రాజమండ్రి అవతల మధురపూడిలో. అక్కడి నుంచి రావులపాలెం మీదుగా మళ్లీ 80 కిలోమీటర్లు కిందికి రావాలి, ఇంకో రెండు గంటలు. మొత్తం ఆరు. రోడ్డు మీదైతే విజయవాడ, తణుకు, రావులపాలెం మీదుగా దాదాపు 450 కిలోమీటర్లు, ఎనిమిది తొమ్మిది గంటలు. తేడా రెండు మూడు గంటలు, అదీ ఆ వేళకి విమానం ఉంటేనే. రాత్రి పదింటికి ఫోన్ వస్తే బస్సెక్కడమే మేలు, టెన్షన్‌లో స్టీరింగ్ పట్టుకుని రాత్రంతా నడపడం అసలే వద్దు.

ఇక అప్పు. పర్సనల్ లోన్ 14 శాతానికి మూడేళ్లంటే నెలకి 6,800, కార్ లోన్ తొమ్మిదిన్నర శాతానికి ఐదేళ్లంటే 12,600. రెండూ కలిపితే 19,400, మీకు మిగిలేది 18 వేలు! పోయి రావడానికి పెట్రోలే ఆరు వేల పైన, టోల్ వేరే. డౌన్‌పేమెంట్‌కి కూడా అప్పు చేయాల్సి వస్తోందంటే ఆ కారు మీ స్తోమతకి మించిందని అర్థం. ఈ మాట నేను ఎంతమందికి చెప్పానో.

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న వాక్యం వేరే ఉంది. ఆస్పత్రిలో 40 వేలు అడ్వాన్సు కట్టమంటే అమ్మగారు కౌంటర్ దగ్గర నిలబడిపోయారు, పక్కింటాయన కట్టారు. మీరు గంటలో వాలిపోయినా అప్పటికే ఆలస్యం. ఆ రాత్రి అక్కడ లేనిది డబ్బు.

ముందు కార్డు బాకీ తీర్చండి, నెలకి మూడు శాతం పైన వడ్డీ తినేస్తుంది, నెలనెలా మిగిలే 18 వేలూ దానికే కడితే రెండున్నర నెలల్లో అయిపోతుంది. తర్వాత ఆ 18 వేలూ అత్యవసర నిధికే. ఆరు నెలల ఖర్చంటే 2 లక్షల 64 వేలు, పదిహేను నెలల పని. చేతిలో ఉన్న 20 వేలు కదపకండి, దాన్ని ముందు 60 వేలు చేసి అమ్మగారితో జాయింట్ ఖాతాలో పెట్టండి, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా. ఆ ఖాతాని మీ ఫోన్‌లో యూపీఐకి కలపొద్దు, కలిపితే బిర్యానీలకే పోతుంది. మిగతాది ఎఫ్‌డీలో. అమ్మానాన్నలకి హెల్త్ పాలసీ ఉందో లేదో రాయలేదు, అదీ చూడండి. నెలనెలా వెళ్లిరావడానికి రాజమండ్రి దాకా ముందే బుక్ చేసుకున్న రైలు, అక్కడి నుంచి బస్సు చాలు.

ఈసారి ఊరెళ్లినప్పుడు అమ్మగారిని ఏటీఎంకి తీసుకెళ్లి, మీరు పక్కన నిలబడి, ఆవిడ చేతే 500 తీయించండి.