కొంగున ముడేసిన ఇసుక

తిరుపతి

పాపా,

నీ రాజస్థాన్ ఎడారి ప్రయాణం రాతప్రతి రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒక్క బిగిన, రెండోసారి పెన్సిలు చేతబట్టి. జోధ్‌పూర్‌లో బయలుదేరి జైసల్మేర్, సామ్ ఇసుక దిబ్బలు, లోంగేవాలా, తనోత్ గుడి దాకా ఆరు జీపుల్లో గుంపుగా పోయిన దారంతా ఉంది. తేదీలున్నాయి, దూరాలున్నాయి. కానీ 22 పేజీల్లో నువ్వు అగుపడింది రెండు చోట్లే. మిగతా అంతా మీ గైడు గొంతు.

జైసల్మేర్ కోటకు 1156లో రావల్ జైసల్ పునాది వేశాడనీ, పసుపు రాళ్లు సాయంత్రం ఎండకు బంగారంలా మెరుస్తాయనీ రాశావు. నిజమే. ఆ మాటలు మీ గైడు వచ్చిన ప్రతి గుంపుకూ చెబుతాడు. అది అతని పని, బాగానే చేశాడు. ఆ కోట లోపల ఇప్పటికీ జనం కాపురాలు చేస్తున్నారు కదా. ఆ సందుల్లో నడిచినప్పుడు ఎవరింట్లో ఏం పోపు వాసన వచ్చింది? గడపలో కూర్చున్న ముసలామె మీ గుంపును చూసి ఏం చేసింది? నాకు అది కావాలి.

ఇంత గట్టిగా చెబుతున్నది ఎందుకంటే, ఈ తప్పు నేను చేశాను. చాలా ఏళ్ల కిందట నేనూ ఒక గుంపుతో బస్సులో అటు పోయాను. కుల్‌ధరా అనే పాడుబడిన ఊరి దగ్గర ఆపారు. దివాను దౌర్జన్యం పడలేక పాలీవాల్ బ్రాహ్మణులు 84 ఊళ్లను ఒక్క రాత్రిలో ఖాళీ చేసి పోయారని గైడు చెప్పాడు. ఒళ్లు జలదరించింది. ఊరికి రాగానే దాన్ని చరిత్రలాగా రాసేశాను, అచ్చు కూడా అయింది. తర్వాత చదువుకుంటే తెలిసింది, నీళ్లు తగ్గి మెల్లమెల్లగా ఖాళీ అయిందనేవాళ్లు ఉన్నారు, భూకంపం వల్లనేవాళ్లూ ఉన్నారు. కథ రాయడంలో తప్పులేదు. ‘గైడు చెప్పాడు’ అనే రెండు మాటలు మింగేశాను, అదే తప్పు. ఇప్పటికీ ఆ వ్యాసం గుర్తొస్తే బాధగా ఉంటుంది. నీ 9వ పేజీలోనూ ఆ కథ అట్లాగే ఉంది. ఆ రెండు మాటలు చేర్చు.

ఇక మాటల సంగతి. దీని మీదే నీతో ఎక్కువసేపు మాట్లాడాలని ఉంది.

రాత్రి గుడారాల దగ్గర ‘కేర్ సాంగ్రీ అనే ఎండు కూర’ పెట్టారని రాసి ముందుకు పోయావు. సాంగ్రీ అంటే ఖేజ్రీ చెట్టు కాయలు. ఆ ఖేజ్రీ ఏదనుకున్నావు? మన జమ్మి! దసరానాడు మీ నాయన నీ చేతిలో పెట్టే ఆకు ఆ చెట్టుదే. పాండవులు ఆయుధాలు దాచిన చెట్టని మనం మొక్కుతాం. అక్కడ దాని కాయలు ఎండబెట్టి ఏడాది పొడుగునా వండుకుంటారు, ఆకు మేకలకూ ఒంటెలకూ వేస్తారు. జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ ఊళ్లో 1730లో ఆ చెట్లను నరకొద్దని కౌగిలించుకొని చెట్లను ప్రాణంగా చూసుకునే బిష్ణోయీ శాఖవాళ్లు 363 మంది ప్రాణాలిచ్చారు. నీ పళ్లెంలోకి వచ్చింది ఆ చెట్టు కాయ. ‘జమ్మి కాయల కూర’ అని రాసి ఉంటే చిత్తూరులో చదివేవాడికి నోట్లో రుచి తగిలేది.

అట్లాగే ‘బేరీ అనే చిన్న బావులు’ అన్నావు. ఇసుక తవ్వితే అడుగున ఊరే నీళ్లను తోడుకునే గుంతలవి. వాటిని చూడగానే మా అమ్మ గుర్తొచ్చింది. స్వర్ణముఖి ఎండిపోయిన నెలల్లో ఆమె ఏటి ఇసుకలో చెలమ తీసి, నీళ్లు తేరేదాకా పక్కన కూర్చొని, కొబ్బరి చిప్పతో బిందె నింపేది. చెలమ అనే మాట నీ దగ్గరే ఉంది. బేరీ పేరూ చెప్పు, పక్కన చెలమనూ పెట్టు. నువ్వు రాసిన గ్రేట్ ఇండియన్ బస్టర్డ్ కూడా మన బట్టమేక పిట్టే. కర్నూలు వైపు రోళ్లపాడు అభయారణ్యం పెట్టింది దానికోసమే.

ఇసుకలోకి దిగేముందు టైర్లలో గాలి ఒత్తిడి 30 నుంచి 18 పీఎస్ఐకి తగ్గించారన్న చోటు బాగుంది. ఎందుకో కూడా చెప్పు: గాలి తగ్గితే టైరు వెడల్పుగా పరుచుకొని బరువు పంచుకుంటుంది, కూరుకుపోదు. దిబ్బను మాత్రం ‘అలల్లా ఉంది’ అనేసి వదిలావు. అందరూ అనేదే. గాలి ఎక్కేవైపు వాలు మెల్లగా ఉంటుంది, ఇసుక జారిపడేవైపు నిటారుగా, 30 నుంచి 34 డిగ్రీల దాకా. అంచున గంటసేపు కూర్చుంటే రేణువులు ఎక్కడం, జారడం కంటికి కనపడతాయి.

గుంపు గురించి. తిరుమలలో వైకుంఠం కంపార్ట్‌మెంటులో నాలుగు గంటలు కూర్చున్నామంటే పక్కవాళ్ల పెళ్లిళ్లు, అప్పులు, మొక్కులు అన్నీ తెలిసిపోతాయి. నువ్వు ఎనిమిది రోజులు ఒకే జీపులో కూర్చున్నావు. రాతలో మాత్రం ‘తోటి ప్రయాణికులు’ అనే ఒక్క ముక్క.

వచ్చిన రోజు రాత్రి ఫోన్‌లో నాకేం చెప్పావో గుర్తుందా? మదనపల్లె నుంచి వచ్చిన పెద్దావిడ సామ్ దగ్గర ఎవరూ చూడకుండా పిడికెడు ఇసుక తీసి కొంగున ముడేసుకుందని. ఎందుకమ్మా అని అడిగితే, ‘మా ఆయన మంచం దిగలేడు, చూపిస్తా’ అందని. చెబుతూ నువ్వు కాసేపు ఆగిపోయావు. నేనూ ఫోను పట్టుకొని మాట్లాడలేకపోయాను. ఆమె 22 పేజీల్లో ఎక్కడా లేదు! నీ ప్రయాణం మొదలు కావలసింది ఆమె దగ్గర, జోధ్‌పూర్‌లో కాదు.

మదనపల్లె ఎంత దూరమని, ఒకసారి పోయి రా. ఇసుక ఏ డబ్బాలో పోసి పెట్టిందో చూడు. ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడా, ఏమన్నాడో అడుగు. రాస్తానని ముందే చెప్పు; ఆమె వద్దంటే ఆ పేజీ రాయొద్దు. ఒప్పుకుంటే మాత్రం ఆమె అన్న మాటను అన్నట్టే పెట్టి, రెండో ప్రతి నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు