అబ్బాయి కార్నర్‌బ్యాక్ అవుతానంటే ఇల్లు మారాలా?

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాము. మా అబ్బాయి పదో తరగతి చదువుతూ, స్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో కార్నర్‌బ్యాక్‌గా, అంటే బంతి అందుకోవడానికి పరుగెత్తే అవతలి రిసీవర్‌ను అడ్డుకునే ఆటగాడిగా ఆడుతున్నాడు. ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు. కాలేజీ జట్టులో చేరాలని వాడి పట్టుదల. ఊరూరా తిరిగి, ఏడుగురేసి మాత్రమే ఆడే సెవెన్-ఆన్-సెవెన్ జట్టులో చేర్చమనీ, కోచ్‌లకు పరిచయం చేసే రిక్రూటింగ్ సర్వీసుకు డబ్బు కట్టమనీ, పేరున్న జట్టు ఉన్న స్కూలు పరిధిలోకి ఇల్లు మార్చి వాడిని ఒక ఏడాది వెనక్కి వేయమనీ ట్రైనర్ అంటున్నారు. నాది హెచ్-1బీ, వాడిది హెచ్-4 వీసా. ట్రైనర్ ఫీజు, కొత్త ఇంటి అద్దె, బంధువుల మాటలు తలుచుకుంటే బెంగగా ఉంది. ఫుట్‌బాల్ దారినీ కంప్యూటర్ సైన్స్ దారినీ పోల్చి చెప్పగలరా? మెదడుకు దెబ్బ తగులుతుందేమోనని మా ఆవిడకు భయం కూడా.

జవాబు: పోల్చి చెబుతాను. అయితే మీకు కావలసింది పోలిక కాదని నా అనుమానం. డల్లాస్, అట్లాంటా, న్యూజెర్సీల నుంచి మన తల్లిదండ్రులు రాసే ఇటువంటి ఉత్తరాలలో ఆట పేరు మారుతూ ఉంటుంది గాని, అడుగున ఉండే దిగులు మారదు. మనం చదువుకుని పైకి వచ్చిన దారి మనకు తెలుసు, అందులో పిల్లవాడు తడబడితే చెయ్యి అందించగలము. ఈ దారిలో తడబడితే ఏమి చేయాలో మనకే తెలియదు. ఆ దిగులు సహజమే. కాని దానిని పోగొట్టుకోవడానికి చెక్కు రాయడం మాత్రం సరైన మందు కాదు.

ఒక మాట కటువుగా చెప్పక తప్పదు. మీ ఉత్తరంలో ట్రైనర్ ఫీజు ఉంది, ఇంటి అద్దె ఉంది, బంధువులు ఏమంటారో కూడా ఉంది. మీ అబ్బాయి ఆట గురించి మాత్రం ఒక్క వాక్యమూ లేదు. వాడు రిసీవర్‌కు ఎదురుగా నిలబడి అడ్డుకోగలడా, వెనక్కి పరుగెత్తుతూ నడుము తిప్పి దిశ మార్చగలడా, బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ తనకంటే బరువైనవాడు మీదికి వస్తుంటే పట్టి పడగొడతాడా, పక్కకు తప్పుకుంటాడా అన్నవి శుక్రవారం సాయంత్రం స్టేడియం మెట్ల మీద కూర్చుంటే మీకే తెలిసే విషయాలు. వాటిని చూడకుండా ఇల్లు మార్చాలా వద్దా అని నన్ను అడగడం ఏమి న్యాయం?

కాలేజీ కోచ్‌లు కార్నర్‌బ్యాక్‌లో మొదట చూసేది డబ్బుతో కొనగలిగేది కాదు. ఎత్తు, చేతుల పొడవు, నడుము వదులు, వేగం చూస్తారు. ఆరడుగుల వారిని ఇష్టపడతారు, ఎందుకంటే అవతలి రిసీవర్లు ఇంకా పొడుగ్గా ఉంటున్నారు. 5 అడుగుల 10 అంగుళాల కుర్రవాడికి తలుపు మూసుకుపోదు గాని, ఆ తక్కువను వేగంతో పూడ్చుకోవలసి ఉంటుంది. ఆ వేగాన్ని ట్రైనర్ చేతిలోని స్టాప్‌వాచ్‌తో కాక, స్కూలు ట్రాక్ పోటీలలో ఎలక్ట్రానిక్ యంత్రం నమోదు చేసిన 100, 200 మీటర్ల సమయాలతో కొలుస్తారు. లాంగ్ జంప్, ట్రిపుల్ జంప్ కూడా గమనిస్తారు. 100 మీటర్లు 11 సెకన్ల లోపు పరుగెత్తే వారి వీడియోను పెద్ద విశ్వవిద్యాలయాల వారు శ్రద్ధగా చూస్తారు. అందుకని వసంతకాలంలో మీ వాడు ట్రాక్ జట్టులో ఉండడం ఏ ప్రైవేటు శిక్షణ కంటే మేలు. పైగా ఉచితం.

ఈ స్థానంలో అంకెలు మోసం చేస్తాయని కూడా మీరు తెలుసుకోవాలి. ఇంటర్‌సెప్షన్లు, అంటే అవతలి వారు విసిరిన బంతిని మధ్యలో పట్టుకోవడాలు, తక్కువగా ఉన్నాయని కంగారు పడకండి. గట్టి కార్నర్‌బ్యాక్ వైపు అవతలి జట్టులో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ విసరడమే మానేస్తాడు. కాబట్టి ఆటల వీడియోలు పెట్టే హడల్ అనే సైటులో ఉంచే వీడియోలో గెంతి పట్టుకున్న రెండు బంతులకంటే, రిసీవర్‌ను మొదటి అడుగులోనే ఆపిన ఆటలు, బహిరంగ మైదానంలో ఒంటరిగా చేసిన టాకిళ్లు (పట్టి పడగొట్టడాలు) ముందు రావాలి. ఆట మొదలయ్యే ముందు తాను ఎక్కడ నిలబడ్డాడో వీడియోలో గుర్తు వేయాలి. కోరిన కోచ్‌కు పంపడానికి ఒక పూర్తి మ్యాచ్ వీడియో కూడా సిద్ధంగా ఉంచుకోవాలి.

ఇక ట్రైనర్ చెప్పిన మూడు సలహాల సంగతి. సెవెన్-ఆన్-సెవెన్ ఇప్పుడు పెద్ద ఫ్యాషన్ అయిపోయింది. చెడ్డది కాదు, పాదాలు చురుకుగా కదలడం అలవాటవుతుంది. కాని అందులో ప్యాడ్లు లేవు, టాకిల్ లేదు, క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకే వారు లేరు. కాలేజీ కోచ్‌కు మీ వాడి మీద ఉండే అసలు సందేహానికి, అంటే దెబ్బకు నిలబడతాడా అన్నదానికి, అది జవాబు చెప్పదు. వారం వారం విమానం ఎక్కి ఆ ఆట ఆడించడానికి పెట్టే ఖర్చులో సగమైనా జూన్ నెలలో విశ్వవిద్యాలయాలు స్వయంగా నడిపే క్యాంపులకు పెడితే, అక్కడి కోచ్ తన కళ్లతో చూస్తాడు. అయితే ఆ క్యాంపులకు ఆహ్వానం వచ్చిందని బంధువుల వాట్సాప్ గుంపులో పెట్టకండి. కాలేజీ క్రీడలను నడిపే సంస్థ అయిన ఎన్‌సీఏఏ నియమాల ప్రకారం అటువంటి క్యాంపులు అందరికీ తెరిచి ఉండాలి. ఆ ఉత్తరాలు వేల మందికి వెళతాయి.

రిక్రూటింగ్ సర్వీసు గురించి నా అభిప్రాయం ఇంకా గట్టిది. వారు చేసే పనిలో ఎక్కువ భాగం మీ అబ్బాయి ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని చేసుకోగలడు: తన ఎత్తు, బరువు, ట్రాక్ సమయం, మార్కులు, వీడియో లంకెతో ఆయా విశ్వవిద్యాలయాలలో మీ ప్రాంతాన్ని చూసే కోచ్‌కు తన మాటలలో ఒక ఉత్తరం రాయడం. ఆ కోచ్ తరువాత ఫోన్ చేసేది మీ స్కూలు కోచ్‌కే గాని, సర్వీసు వారికి కాదు.

ఏడాది వెనక్కి వేయడమన్నది మాత్రం నాకు అర్థం కాని సలహా. టెక్సస్ ప్రభుత్వ స్కూళ్ల పోటీలు నడిపే యూఐఎల్ నియమం ప్రకారం, తొమ్మిదో తరగతిలో మొదటిసారి చేరిన నాటి నుంచి వరుసగా నాలుగేళ్లు మాత్రమే ఆడే అర్హత ఉంటుంది. మీ వాడు పదిలో ఉన్నాడు. ఇప్పుడు తరగతి మళ్లీ చదివిస్తే కలిసి వచ్చేది ఏమీ లేదు, పైగా చివరి ఏడాది బెంచీ మీద కూడా కూర్చోలేడు. ఆట కోసమే స్కూలు మారారని తేలితే అర్హతకు ఆ యూఐఎల్ వద్దనే అడ్డం పడుతుంది. ఈ రెండు నియమాలూ తెలియని మనిషి మీ కుటుంబాన్ని ఊరు మార్చబోతున్నాడు!

ఎన్‌సీఏఏ లెక్కల ప్రకారం హైస్కూల్లో ఫుట్‌బాల్ ఆడే సుమారు పది లక్షల మందిలో ఏదో ఒక స్థాయి కాలేజీ జట్టుకు చేరేది నూటికి 7 మంది, అన్నిటికంటే పై స్థాయి అయిన డివిజన్-1కు చేరేది 3 మంది. ఇటీవలి మార్పులు తలుపును ఇంకా ఇరుకు చేశాయి. ఒక కాలేజీ నుంచి మరొక కాలేజీకి మారడం సులువైన తరువాత, కోచ్‌లు పదిహేడేళ్ల పిల్లవాడి కంటే రెండేళ్లు ఆడి బలపడిన ఇరవై ఏళ్ల వాడిని తెచ్చుకుంటున్నారు. ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన దావాలో కుదిరి, 2025 జూన్‌లో కోర్టు ఆమోదం పొందిన హౌస్ ఒప్పందంతో, అందులో చేరిన విశ్వవిద్యాలయాలు తొలి ఏడాది తమ క్రీడాకారులకు సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు పంచే వీలు కలిగింది. దానితోపాటే ఫుట్‌బాల్ జట్టుకు 105 మంది పరిమితి పడింది. స్కాలర్‌షిప్ లేకుండా చేరి, కష్టపడి పైకి వచ్చే వారికి పూర్వం ఉన్న చోటు అంతమేరకు తగ్గింది.

అలాగని నిరాశ పడవలసిన పని లేదు. 2022లో వృత్తి ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో నాలుగవ వాడిగా ఎంపికైన కార్నర్‌బ్యాక్ సాస్ గార్డ్‌నర్, డెట్రాయిట్ హైస్కూల్ నుంచి వచ్చినప్పుడు ఐదు నక్షత్రాల కొలతలో మూడు నక్షత్రాల ఆటగాడే. సిన్సినాటి విశ్వవిద్యాలయం చేరదీసింది. తరువాత ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పేరు తెచ్చుకున్న రిచర్డ్ షెర్మన్ స్టాన్‌ఫర్డ్‌లో రిసీవర్‌గా మొదలుపెట్టి కార్నర్‌బ్యాక్‌గా మారాడు. పదో తరగతిలో కుర్రవాడి శరీరం పూర్తిగా తేలదు, కోచ్‌లకు కూడా ఆ సంగతి తెలుసు.

మీరు కోరిన పోలికకు వస్తే, అవి రెండు దారులని ఎవరు చెప్పారు? మన పిల్లలు ఎక్కువగా చేరే యూటీ డల్లాస్‌లో ఫుట్‌బాల్ జట్టే లేదు, నిజమే. కాని కార్నెగీ మెలన్, ఎంఐటీ, జాన్స్ హాప్కిన్స్, శాన్ ఆంటోనియోలోని ట్రినిటీ, ఇవన్నీ ఎన్‌సీఏఏలో మూడవ స్థాయి అయిన డివిజన్-3లో ఫుట్‌బాల్ ఆడతాయి. అక్కడ క్రీడా స్కాలర్‌షిప్ ఉండదు, ఐవీ లీగ్‌లోనూ ఉండదు. కుటుంబ ఆదాయాన్ని బట్టి, కొన్ని చోట్ల మార్కులను బట్టి ఇచ్చే సహాయమే ఉంటుంది. ప్రవేశం సులువని నేను అనడం లేదు. అయితే మార్కులున్న కుర్రవాడిని తమ జట్టుకు కావాలని కోచ్ అడిగితే అడ్మిషన్ల కార్యాలయం ఆ మాటను ఆలకించే చోట్లు వీటిలో ఉన్నాయి. మీ వాడి గణితం మార్కులు ఫుట్‌బాల్‌కు శత్రువులు కావు, వాడి చేతిలో ఉన్న అన్నిటికంటే మంచి సిఫార్సు అవే.

వీసా మాట మాత్రం ఎవరూ చెప్పరు కనుక చెబుతున్నాను. స్కాలర్‌షిప్ ఉద్యోగం కాదు, దానితో చిక్కు లేదు. ఆటగాడి పేరుకూ బొమ్మకూ వచ్చే సొమ్ము, విశ్వవిద్యాలయం పంచే వాటా, ఈ రెండూ పని చేసే అనుమతి లేని హెచ్-4 పిల్లవాడికి ప్రమాదకరం కావచ్చు. 21 ఏళ్లు నిండితే ఆ హోదా కూడా పోతుంది. అటువంటి కాగితం ఏది వచ్చినా ఇమ్మిగ్రేషన్ న్యాయవాది చూడకుండా సంతకం చేయవద్దు.

మెదడుకు దెబ్బ తగులుతుందేమోనని మీ శ్రీమతి గారు భయపడుతున్నారని చివరలో రాశారు. ఆ భయం అర్థం లేనిది కాదు. స్కూలులో ఆటగాళ్ల గాయాలు చూసే అథ్లెటిక్ ట్రైనర్‌ను కలిసి, తలకు దెబ్బ తగిలితే ఆటగాడిని ఎప్పుడు మళ్లీ దింపుతారో మీ శ్రీమతి గారినే అడగమనండి. ట్రాక్ సీజన్ ముగిశాక నమోదైన సమయాలు, పదకొండో తరగతికి ఎంచుకున్న సబ్జెక్టులు, మీరు స్వయంగా చూసిన ఒక మ్యాచ్ వివరాలు రాసి పంపితే, జూన్‌లో ఏ క్యాంపులకు వెళ్లవచ్చో పేర్లతో చెబుతాను. అప్పటివరకు ఇంటి అద్దె ఒప్పందం పొడిగించుకోండి.