కాంట్రా, ముస్తఫా మళ్ళీ ఆడాలంటే ఏం కొనాలి? నా అనుభవం ఇదీ

మీరు అడిగింది ఇది: బెంగళూరులో పీజీలో ఉంటున్నారు, చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్, ఆఫీసు ల్యాప్‌టాప్ ఉన్నాయి. చిన్నప్పుడు ఆడిన కాంట్రా, ముస్తఫా, ప్లేస్టేషన్ గేములు మళ్ళీ ఆడాలని ఉంది. ఆన్‌లైన్‌లో దొరికే, టీవీకి తగిలించే "పది వేల గేముల" స్టిక్ తీసుకోవచ్చా అని. తీసుకోకండి. ముందు పైసా ఖర్చు లేకుండా ఫోన్‌లో ఆడి చూడండి. ఆ తర్వాత కూడా డబ్బు పెట్టాలనిపిస్తే కంట్రోలర్ మీద పెట్టండి. నేను మారతహళ్ళిలో ఉంటాను, ఆఫీసు అయ్యాక నాకు ఇదే లోకం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ స్టిక్కుల్లో ఉండేది ఒక చిన్న చిప్పు, ఒక మెమరీ కార్డు, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఎమ్యులేటర్లు (పాత గేమ్ మెషీన్‌లా నటించే ప్రోగ్రామ్‌లు). అంతే. మా రూమ్మేట్ ఒకటి కొన్నాడు. బటన్ నొక్కాక కాసేపటికి గానీ మనిషి ఎగరడు. దాన్ని సరిచేసుకుందామంటే అందులో సెట్టింగులే లేవు. కొన్నాళ్ళకు కార్డు పాడైంది, సేవ్ చేసుకున్నవన్నీ పోయాయి.

ఫోన్‌లో రెట్రోఆర్క్ వేసుకోండి. ఇది ఒక్క ఎమ్యులేటర్ కాదు, చాలా ఎమ్యులేటర్లను ఒకే గూటికి చేర్చిన యాప్. ఏ మెషీన్ గేము ఆడాలంటే దానికి తగ్గ "కోర్" దించుకోవాలి. చిన్నప్పుడు మన ఇళ్ళల్లో ఉన్న టీవీ గేముకి (నింటెండో నకలు మెషీన్) ఎఫ్‌సీఈయూఎంఎం, సెగాకి జెనెసిస్ ప్లస్ జీఎక్స్, సూపర్ నింటెండోకి స్నెస్‌నైన్‌ఎక్స్, గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కి ఎంజీబీఏ. మెనూ మొదట్లో గందరగోళంగా ఉంటుంది, నాలుగు రోజులు ఓపిక పడితే అలవాటవుతుంది. చేతిలో పట్టుకుని ఆడే సోనీ మెషీన్ పీఎస్‌పీకి మాత్రం పీపీఎస్‌ఎస్‌పీపీ అని విడిగా యాప్ ఉంది, మామూలు ఫోన్లలో కూడా హాయిగా నడుస్తుంది. ఐఫోన్ వాళ్ళు కూడా దిగులు పడనక్కర్లేదు. 2024 ఏప్రిల్‌లో యాపిల్ రూల్ మార్చాక డెల్టా అనే ఎమ్యులేటర్, రెట్రోఆర్క్, పీపీఎస్‌ఎస్‌పీపీ మూడూ యాప్ స్టోర్‌లోకి వచ్చాయి.

ఇప్పుడు అసలు విషయం. ఎమ్యులేటర్‌లో మొదటిసారి మారియో పెట్టగానే చాలామంది "ఇదేంటి, ఇంత స్పీడుగా ఉంది, పాట కూడా పరిగెడుతోంది" అంటారు. మీకూ అలాగే అనిపిస్తుంది. మీ జ్ఞాపకం తప్పు కాదు. జపాన్, అమెరికా టీవీలు సెకనుకు 60 సార్లు బొమ్మ వేస్తే "పాల్" అనే ప్రసార పద్ధతిలో నడిచే మన టీవీలు 50 సార్లు వేసేవి. మన ఇళ్ళల్లో ఉన్నవి చాలావరకు నింటెండో కంపెనీవి కాదు, దాని నకళ్ళు. వాటిలో మన టీవీలకు తగ్గట్టు తయారైనవి 60 కోసం రాసిన అదే గేమును 50 మీద నడిపేవి. అప్పటి గేములు బొమ్మ బొమ్మకీ ఒక్కో అడుగు వేసేలా రాసినవి కాబట్టి, ఆరింట అయిదు వంతుల వేగంతో నడిచేవి. పాట కూడా అంతే నిదానం, కానీ శ్రుతి మాత్రం దాదాపు మారేది కాదు.

దీనికి మందు సెట్టింగుల్లోనే ఉంది. గేము నడుస్తుండగా మెనూలో కోర్ ఆప్షన్స్‌కి వెళ్ళి, రీజియన్ దగ్గర "డెండీ" ఎంచుకోండి. డెండీ అంటే రష్యాలో అమ్ముడైన ఇలాంటి నకలు మెషీనే. పక్కనే "పాల్" అని కూడా ఉంటుంది, అది వద్దు. అది యూరప్‌లో అమ్మిన అసలు నింటెండోది. అందులో ప్రాసెసర్ కూడా నెమ్మదిస్తుంది కాబట్టి పాట శ్రుతి దిగిపోతుంది. డెండీ పెట్టిన రోజు కాంట్రా మొదటి స్టేజి పాట నాకు గుర్తున్న వేగంలో వినిపించింది. గుంటూరులో ఉన్న మా తమ్ముడికి వెంటనే ఫోన్ చేసి వినిపించాను. "ఒరేయ్ అన్నయ్యా, ఇది మన ఇంట్లో పాటే" అన్నాడు. ఈ ఒక్క సెట్టింగ్ గురించి చెప్పడానికే ఇంత జవాబు రాస్తున్నానంటే నమ్మండి.

తర్వాతది ఆలస్యం. బటన్ నొక్కడానికీ తెర మీద మనిషి కదలడానికీ మధ్య పట్టే సమయం. టీవీకి కలిపితే ముందు టీవీలో గేమ్ మోడ్ ఆన్ చెయ్యండి, సగం సమస్య అక్కడే తీరుతుంది. మిగతాదానికి రెట్రోఆర్క్‌లో "రన్ అహెడ్" అని ఉంది, 2018లో వచ్చింది. గేములోనే దాగి ఉన్న ఆలస్యాన్ని ఎమ్యులేటర్ ముందుగానే నడిపి చూపించి తీసేస్తుంది. ఎన్ని ఫ్రేములు (తెర మీద వేసే ఒక్కో బొమ్మ ఒక ఫ్రేము) పెట్టాలో ఊహించక్కర్లేదు, కంప్యూటర్ మీద కొలవచ్చు. పీ నొక్కి గేము ఆపండి. జంప్ బటన్ పట్టుకుని, కే నొక్కుతూ ఒక్కో ఫ్రేమూ ముందుకు జరపండి. మారియో రెండో ఫ్రేములో లేస్తాడు, అంటే ఒకటి పెట్టాలి. అంతకంటే ఎక్కువ పెడితే కదలికలు తెగిపోతున్నట్టు కనిపిస్తాయి.

బాతుల్ని కాల్చే డక్ హంట్ కూడా ఆడదామనుకుంటే, పాత తుపాకీ ఎల్‌ఈడీ టీవీ మీద పనిచెయ్యదు. ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో తెర నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల గడి మెరుస్తుంది. ఆ వెలుగును తుపాకీ పసిగట్టాలి. ఆ లెక్కంతా పాత డబ్బా టీవీ గీత వెంట గీత గీసే వేగం మీద కట్టింది. ఎమ్యులేటర్‌లో అయితే రెండో పోర్టుకి జాపర్ (ఆ తుపాకీ పేరే) అని పెట్టి, మౌస్‌తోనో వేలితోనో గురిపెట్టి ఆడొచ్చు.

కంట్రోలర్ కొనేటప్పుడు పైపై అందం చూడకండి, ప్లస్ గుర్తు ఆకారంలో ఉండే డీప్యాడ్ (నాలుగు దిక్కుల బటన్) చూడండి. వైర్‌ది తీసుకుంటే బ్లూటూత్ తంటాలు ఉండవు. బెంగళూరులో ఎలక్ట్రానిక్ సామాన్ల బజారు ఎస్పీ రోడ్డుకి వెళ్తే చేత్తో పట్టుకుని నొక్కి చూడొచ్చు, ఆన్‌లైన్‌లో ఆ వీలు లేదు. నేను ఫోన్‌లో కాంట్రా పెట్టుకుని వెళ్తాను. కుడి వైపు నొక్కి పట్టుకుని బొటనవేలు కొంచెం అటూ ఇటూ కదిపి చూస్తాను. మనవాడు నేరుగా పరిగెడుతూనే ఉండాలి. తుపాకీ దానంతటదే పైకో కిందికో తిరిగిందంటే ఆ ప్యాడ్ పక్కన పెట్టేయాల్సిందే. తర్వాత కిందికి నొక్కి పడుకోబెట్టి చూడాలి, లేచి నడవకూడదు. ఈ పరీక్షలో ఖరీదైన ప్యాడ్లు కూడా తప్పుతాయి.

ఆఫీసు ల్యాప్‌టాప్ జోలికి వెళ్ళకండి. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసినా సరే, సెక్యూరిటీ వాళ్ళకి సంజాయిషీ చెప్పుకోవాల్సి రావచ్చు. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మూలన పడి ఉంటే పండక్కి వెళ్ళినప్పుడు తెచ్చుకోండి. బటోసెరా అనే ఉచిత సిస్టమ్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి దాంతో స్టార్ట్ చేస్తే హార్డ్‌డిస్క్‌ని ముట్టుకోకుండానే అది గేమ్ మెషీన్ అవుతుంది. లేదంటే కంపెనీలు వాడి వదిలేసిన చిన్న డెస్క్‌టాప్‌లు ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి. ప్లేస్టేషన్ వన్ వరకు అవి దర్జాగా లాగేస్తాయి. అంతకంటే పైకి, అంటే పీఎస్ టూకి, కొంచెం కొత్త ప్రాసెసర్ కావాలి.

ముస్తఫా అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, 1993లో క్యాప్‌కామ్ తీసింది. దీనికి ఎఫ్‌బీ నియో కోర్ వాడండి. ఆర్కేడ్ గేములు (పార్లర్లలో నాణెం వేసి ఆడినవి) ఒక్కో ఎమ్యులేటర్ వెర్షన్‌కి ఒక్కో ఫైళ్ళ సెట్ అడుగుతాయి, "గేము తెరుచుకోవట్లేదు" అనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం దీనివల్లే. సెలెక్ట్ నొక్కితే కాయిన్ పడుతుంది. నాణెం లేదని ఎవరూ లేపరు, తనివితీరా ఆడుకోండి.

గేములు ఎక్కడ దించుకోవాలని చివర్లో అడిగారు. ఎమ్యులేటర్ వాడటం తప్పు కాదు, గేము హక్కులు మాత్రం కంపెనీలవే. మన కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్, సరిగ్గా కొనుక్కున్న ప్రోగ్రామ్ పాడైపోతుందేమోనని బ్యాకప్ తీసుకోవడానికి ఒప్పుకుంటుంది. అందుకే డౌన్‌లోడ్ లింకులు ఇవ్వను. మీ దగ్గర అసలు ప్లేస్టేషన్ వన్ డిస్కులు ఉంటే మామూలు యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్‌తోనే కంప్యూటర్‌లోకి తీసుకోవచ్చు. తర్వాత సీహెచ్‌డీమ్యాన్ అనే టూల్‌తో ఒకే ఫైలుగా కుదించుకోండి, డిస్కులోని ట్రాకుల ఫైళ్ళు చెల్లాచెదురు కావు. ప్లేస్టేషన్ బయాస్ (మెషీన్‌ని స్టార్ట్ చేసే లోపలి ప్రోగ్రామ్) కూడా మీ మెషీన్ నుంచే తీసుకోవాలి. కాంట్రా అయితే కోనామి 2019లో యానివర్సరీ కలెక్షన్‌గా విడుదల చేసింది, కొనుక్కోవచ్చు. ముస్తఫాకి ఆ దారి లేదు. అది ఒక కామిక్ ఆధారంగా తీసినది, క్యాప్‌కామ్ తన పాత ఫైటింగ్ గేములు కలిపి అమ్మినప్పుడు కూడా ఇది అందులో లేదు. నాకు నిజంగా బాధగా ఉండే విషయం ఇది. మన ఊళ్ళల్లో ఇంతమందికి ఇష్టమైన గేము ఇవాళ డబ్బులిస్తామన్నా అమ్మేవాళ్ళు లేరు.

సేవ్ స్టేట్ (ఆట ఆ క్షణంలో ఎలా ఉందో అలాగే ఎమ్యులేటర్ దాచుకునే కాపీ) మీద మాత్రమే ఆధారపడకండి. కోర్ అప్‌డేట్ అయితే పాతవి తెరుచుకోకపోవచ్చు. గేములోనే సేవ్ ఉంటే అది కూడా చేసుకోండి.

దూరంగా ఉన్న ఇద్దరు ఇంటర్నెట్‌లో కలిసి ఆడాలంటే రెట్రోఆర్క్‌లో నెట్‌ప్లే ఉంది. నేనూ తమ్ముడూ ఆదివారాలు కాంట్రా ఇలాగే ఆడతాం, నేను ఇక్కడ, వాడు గుంటూరులో. ఇద్దరి దగ్గరా యాప్ వెర్షన్, కోర్, గేము ఫైలు అచ్చంగా ఒకటే ఉండాలి. పీజీ వైఫైలో పోర్టులు (బయటివాళ్ళు కనెక్ట్ అయ్యే దారులు) తెరవనివ్వరు కాబట్టి హోస్ట్ చేసే ముందు, అంటే ఆట మీరు మొదలుపెట్టే ముందు, రిలే సర్వర్ (ఇద్దరి మధ్య డేటా చేరవేసే సర్వర్) ఆన్ చెయ్యండి. కనెక్ట్ కాకపోతే ఏ కోర్, ఏ వెర్షన్ వాడుతున్నారో కింద రాయండి, చూసి చెబుతాను.