గులాబీల పాట వెనుక మంత్రిగారు

ప్రశ్న: లాత్వియా సంగీత దర్శకుడు రైమండ్స్ పౌల్స్ మంత్రిగా కూడా చేశారటగా?

జవాబు: చేశారు, 1989 నుంచి 1993 దాకా సాంస్కృతిక శాఖ చూశారు. 1999లో అధ్యక్ష పదవికి పోటీపడి, మధ్యలోనే తప్పుకున్నారు. మంచి పనే చేశారంటాను!

1936లో రీగాలో పుట్టిన ఈయన కన్సర్వేటరీలో, అంటే సంగీత కళాశాలలో, పియానో నేర్చారు. నన్ను కట్టిపడేసేది మాత్రం 1981 నాటి ఆయన బాణీ ఒకటి. దానికి మొదట రాసిన లాత్వియన్ పాటలో మార దేవత ఆడపిల్లకు ప్రాణం పోసి, సుఖం ఇవ్వడం మరిచిపోతుంది. వింటే గుండె బరువెక్కుతుంది. మరుసటి ఏడాది అదే బాణీకి కవి వోజ్నెసెన్‌స్కీ రష్యన్‌లో వేరే కథ రాశారు: నటి కోసం ఇల్లమ్మి పదిలక్షల గులాబీలు కొన్న చిత్రకారుడు. గాయని పుగచోవా గొంతులో సోవియట్ దేశమంతా మార్మోగిందది. నా ఓటు మాత్రం లాత్వియన్ పాటకే.