పుల్టెక్ కిట్‌లో మార్పులు చేసే ముందు

అల్లుడూ,

ఆశీస్సులు. నువ్వు బిగిస్తున్న పుల్టెక్ కిట్, అదే స్వరాల్లో ఎక్కువ తక్కువలు సరిచేసే ఆ వాల్వుల ఈక్వలైజర్ (ఈక్యూ), పూర్తయిందనీ, చక్కగా పలుకుతోందనీ విని చాలా సంతోషమేసింది. అయితే వాల్వులు మారుస్తా, ట్రాన్స్‌ఫార్మర్ మారుస్తా, గొంతును ఎత్తి చూపడానికి 1.5 కిలోహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ కూడా కలుపుతా అని ఒక్క గుక్కలో చెప్పావు. అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఏం జరిగిందో తెలియదు. ఒకటి మార్చు, కొలువు, విను. తర్వాతే రెండోది.

ముందు ప్రాణం సంగతి. లోపల 250 వోల్టుల చుట్టుపక్కల డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకినా కండెన్సర్లలో (కెపాసిటర్లలో) అది నిలిచే ఉంటుంది. మల్టీమీటర్ పెట్టి, అంకె దాదాపు సున్నాకు దిగేదాకా లోపల వేలు పెట్టొద్దు. ఎర్త్ పిన్ను పనిచేస్తోందో లేదో కూడా చూసుకో. మీ చిత్తూరు ఇంట్లో వైరింగ్ పాతది, దాన్ని నమ్మొద్దు.

ఇక అసలు విషయం. ఈ పెట్టెలో స్వరాన్ని మలిచేది కాయిళ్లు, కండెన్సర్లు, రెసిస్టర్లే. అక్కడ సిగ్నల్ సుమారు 16 డెసిబెల్స్ తగ్గిపోతుంది. తగ్గినదాన్ని తిరిగి పైకి లేపడమే వాల్వుల పని. కాబట్టి ఖరీదైన పాత వాల్వులకు డబ్బు పోయకు. సిగ్నల్ దారిలో సిరామిక్ కండెన్సర్లు ఉంటే తీసేసి ఫిల్మ్‌వి వెయ్యి. సిరామిక్‌లు చాలావరకు వోల్టేజీని బట్టి విలువ మార్చుకుంటాయి, అక్కడే డిస్టార్షన్ (స్వరం వికారం కావడం) పుడుతుంది.

నువ్వడిగిన 1.5 మంచి ఆలోచనే. ఇప్పుడున్న 3 కిలోహెర్ట్జ్‌ను సగానికి దించాలంటే కాయిల్, కండెన్సర్ విలువల లబ్ధం నాలుగు రెట్లు కావాలి. కాయిల్ అదే ఉంచి కండెన్సర్ ఒక్కటే నాలుగింతలు చేస్తే ఫ్రీక్వెన్సీ సరిగ్గానే వస్తుంది. కానీ పీక్ (స్వరాన్ని ఎత్తే చోటు) వెడల్పయి చుట్టుపక్కల స్వరాలనూ లేపుతుంది. ఆకారం చెడకూడదంటే రెండింటినీ రెండేసి రెట్లు చెయ్యి. కండెన్సర్ విలువ పది శాతం అటూ ఇటూ అయితే ఫ్రీక్వెన్సీ ఐదు శాతం జరుగుతుంది. కొన్న ప్రతి ముక్కనూ మీటర్‌తో కొలిచి, చాలకపోతే చిన్నది పక్కన ప్యారలల్‌గా కలుపు.

కొత్త కాయిల్‌ను పవర్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర బిగించొద్దు. హెడ్‌ఫోన్ పెట్టుకుని, వాల్యూమ్ పెంచి, కాయిల్‌ను ప్లాస్టిక్ పుల్లతో నెమ్మదిగా తిప్పుతూ విను. ఒకచోట హమ్ (కరెంటు గుయ్యిమనే మోత) ఉన్నట్టుండి తగ్గిపోతుంది. అక్కడే బిగించు.

కింది ఫ్రీక్వెన్సీల బూస్ట్ (పెంచేది), కట్ (తగ్గించేది) సర్క్యూట్ జోలికి మాత్రం పోవద్దు. ఆ రెండు కర్వ్‌లు సరిగ్గా ఒకదానిమీద ఒకటి పడకపోవడమే దాని గొప్ప. రెండూ కలిపి కొంచెం కొంచెం తిప్పితే మృదంగం తొప్పి (మంద్రంగా పలికే) వైపు గుంభనం మిగులుతుంది, పైన ముద్దగా ఉన్న మోత తగ్గుతుంది. తిరుపతి కచేరీల రికార్డింగ్‌లు మిక్స్ చేసేటప్పుడు నాకు ఎక్కువ పనికొచ్చేది అదే.

వినేటప్పుడు బైపాస్‌లో (ఈక్యూ పనిచేయకుండా తప్పించినప్పుడు), ఈక్యూలో లెవెల్ ఒక్కటిగా ఉండేలా సరిచెయ్యి. కాస్త పెద్దగా మోగేది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది. తెలిసిన గొంతునే పెట్టు, నీ అక్క పాడిన అన్నమయ్య కీర్తన ఒకటి చాలు.

నీ కాయిల్ మీదున్న విలువ, 3 కిలోహెర్ట్జ్ దగ్గరున్న కండెన్సర్ విలువ రాసి పంపు. లెక్క కట్టి చెప్తాను, ఆ తర్వాతే కాయిల్ చుట్టించు.

మామయ్య