చప్పట్ల తర్వాత

అమ్మా,

కొత్తవాళ్లను పనిలోకి ఎలా తీసుకోవాలో సూపర్‌వైజర్లకు చూపించే శిక్షణ చిత్రం కోసం నువ్వు రాసిన స్క్రిప్టు రెండుసార్లు చదివాను. కొత్తగా చేరిన కుర్రాడు గేటు దగ్గర సెక్యూరిటీ అతన్ని కూడా "సార్, సార్" అనడం చదివి నాకు గొంతు పట్టేసింది. అది నువ్వెక్కడో కళ్లారా చూసే ఉంటావు. ఆఖరి సీను మాత్రం మార్చాలి. మేనేజర్ బొకే ఇవ్వడం, చప్పట్లు, గ్రూప్ ఫొటో, ఇవన్నీ పొద్దున పదింటికల్లా అయిపోతాయి. ఆ పిల్లాడి అసలు టెన్షన్ ఆ తర్వాతే మొదలవుతుంది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా ప్రభుత్వ విద్యా కార్యాలయం ఇలాంటి శిక్షణ చిత్రాలు వందల్లో తీయించింది. కొత్త కార్మికుణ్ణి పనిలోకి ఎలా తీసుకోవాలో సూపర్‌వైజర్లకు చూపించే చిత్రం 1944 నాటిది. ఆ చిత్రాలతో పాటు ఒక ఫిల్మ్‌స్ట్రిప్పు (ఒక్కొక్కటిగా తెర మీద చూపించే కదలని బొమ్మల రీలు), నేర్పేవాళ్లకు ఒక చిన్న పుస్తకం ఉండేవి. తెర మీద బొమ్మ అయిపోయాక గదిలో కూర్చున్నవాళ్ల చేత మాట్లాడించాలని వాటి ఉద్దేశం. నీ సీనులో అందరూ చప్పట్లు కొట్టేశాక ఇక ఎవరేం మాట్లాడతారు?

అదే కాలంలో, 1940 నుంచి 1945 దాకా, అక్కడ ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ, అంటే పరిశ్రమల్లోనే శిక్షణ, అనే కార్యక్రమం నడిచింది. పని నేర్పేవాళ్ల కోసం వాళ్లు వేసిన చిన్న కార్డులో నాలుగు మెట్లు ఉంటాయి. ముందు కొత్తవాడి బెరుకు పోగొట్టమంటుంది. నువ్వు నాలుగో మెట్టు చూడు: అతన్ని సొంతంగా పని చేయనివ్వు, సాయం కావాలంటే ఎవరిని అడగాలో చెప్పు, తరచూ వెళ్లి చూస్తుండు, ప్రశ్నలు అడగమను.

ఎవరిని అడగాలో చెప్పడం! నా మొదటి ఉద్యోగంలో చేరిన రోజు నాకు దండ వేశారు. మంచినీళ్లు ఎక్కడుంటాయో ఎవరూ చెప్పలేదు. అడగడానికి మొహమాటపడి సాయంత్రం దాకా దాహంతోనే కూర్చున్నాను. మర్నాడు కుండ చూపించిన అటెండర్ ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

అందుకని బొకే సీను తీసేయ్. మధ్యాహ్నం, కుర్రాడు ఒక్కడే ఉన్నాడు, మిషన్ ఆగిపోయింది. చుట్టూ చూశాడు. పొద్దున తనకు పని చూపించిన సీనియర్ అవతల పనిలో ఉన్నాడు. కుర్రాడు అటు రెండడుగులు వేశాడు. ఆయన తలెత్తాడు. అక్కడ కట్ చెయ్. ఆయన ఏమన్నాడో చూస్తున్న సూపర్‌వైజర్లను చెప్పనీ.

ఆదివారంలోగా మళ్లీ పంపు. గేటు సీను మాత్రం ముట్టుకోకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు