పియోనీ లేబుల్ నిజమో కాదో మూడో పూతలో తేలుతుంది

కిందటి వసంతంలో ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఈ చలి దేశానికి వచ్చి మూడేళ్లు, సొంతిల్లు కొనుక్కుని ఏడాదిన్నర. పియోనీ అంటే ఇక్కడి పెరళ్లలో దుంప నాటి పెంచే పెద్ద పూల మొక్క. "అక్కా, తెల్ల పియోనీ ఆర్డర్ పెట్టాం. నిన్న మొదటి పువ్వు విచ్చుకుంది. మధ్య రేకల మీద ఎర్రటి మరకలున్నాయి. ఏం తెగులో ఏమో! మందు కొట్టాలా, డబ్బు వాపసు అడగాలా?" అని ఒకటే టెన్షన్. లేబుల్ మీద రకం పేరు చదవమన్నాను. 'ఫెస్టివా మాక్సిమా' అంది. నాకు నవ్వు ఆగలేదు. ఫ్రాన్స్‌లో 1851లో బయటికి వచ్చిన ఈ తెల్ల ముద్ద పువ్వుని జనం గుర్తుపట్టేదే ఆ ఎర్ర చుక్కల్ని చూసి. ఎవరో కుంకుమ నీళ్లు చిలకరించినట్టు నాలుగైదు రేకల అంచున ఉంటాయి. ఆమెకి వచ్చింది అసలు సిసలు మొక్క.

ఇలాంటి ఫోన్లు నాకు ప్రతి వసంతంలోనూ వస్తాయి. చలి దేశాలకి కొత్తగా వచ్చిన మనవాళ్లు పెరటి గురించి అడిగే సందేహాల్లో పచ్చిక తర్వాత ఎక్కువగా అడిగేది పియోనీ గురించే. కారణం తెలిసిందే. ఆన్‌లైన్‌లో ఆ బొమ్మ చూస్తే ఆగలేం. పళ్లెమంత పువ్వు, వంద రేకలు, పేర్లు చూస్తే రాజకుమారిలవి. ఆర్డర్ కొడితే పోస్టులో వచ్చేది మాత్రం ఎండిన కర్రపెండలం ముక్కలా ఉంటుంది. బంతి నారు వేసి మూణ్ణెల్లకి పూత చూసిన చేతులు మనవి. ఈ దుంపని నాటి, మూడేళ్లు ఆగమంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. నాకూ మండింది.

నేను మొదట తెప్పించుకున్నది 'సారా బెర్న్‌హార్ట్'. 1906 నాటి రకం, లేత గులాబీ, ముద్ద పువ్వు, మంచి వాసన. ఆకులు రాలే కాలంలో నాటాను. మొదటి వసంతం నాలుగు ఆకులు తప్ప ఏమీ లేదు. రెండో వసంతం ఒక్కటంటే ఒక్క మొగ్గ. విచ్చుకున్నాక చూస్తే రెండు వరసల రేకలు, మధ్యలో పసుపు కేసరాలు, రంగు కడిగేసినట్టు వెలవెల. మనం ముద్దమందారం కొంటే ఒంటిరెక్క మందారం ఇచ్చినట్టు. ఆ రాత్రే కూర్చుని కంపెనీకి ఘాటుగా ఒక ఈమెయిల్ కొట్టాను. వాళ్లు చాలా మర్యాదగా, "ఇంకో ఏడాది చూడండి, అప్పటికీ ఇలాగే ఉంటే కొత్త మొక్క పంపుతాం" అని జవాబు రాశారు. తప్పించుకోవడానికి చెప్పే మాట అనుకున్నాను. మరుసటి ఏడు ఐదు పూలు పూసింది. ప్రతిదీ బొమ్మలో ఉన్నట్టే, బరువుకి తలలు వాల్చేసి. క్షమించమని ఈమెయిల్ రాయడానికి నాకు వారం పట్టింది.

జరిగేది ఇదీ. ముద్ద పువ్వు కట్టడానికి మొక్క చాలా తిండి ఖర్చు పెట్టాలి. ఆ తిండి దాచుకునేది దుంపలో. ఫారంలో తవ్వి, కోసి, మూడు నుంచి ఐదు మొలక కళ్లున్న ముక్కగా చేసి మనకి పంపుతారు కాబట్టి ఆ దుంప ముందు వేళ్లు పట్టాలి, తర్వాత ఆకు పెంచాలి, ఆ ఆకు సంపాదించింది కిందకి దాచుకోవాలి. అప్పటిదాకా పూసినా పేదరికంలో చేసిన పెళ్లిలాగే ఉంటుంది. రేకలు తక్కువ, సైజు తక్కువ, కాడ పొట్టి, రంగు పలచన. కాబట్టి మొదటి పూతలో ఈ నాలుగూ చూసి లేబుల్ తప్పని తేల్చేయకండి.

మొదటి పూతలోనే నమ్మదగినవి కూడా ఉన్నాయి. మూల రంగు ఒకటి. ఎరుపు అని రాసి ఉన్న మొక్క తెల్లగా పూసిందంటే దాన్ని వయసు సరిచెయ్యదు, అది వేరే మొక్కే. పువ్వు నడుమ ఉండే అండకోశాల (తర్వాత కాయలయ్యే భాగాల) కొసల రంగు, ముద్దగా రావాల్సిన దాంట్లో కూడా కాస్త విప్పి చూస్తే కనిపిస్తుంది. అదీ రకానికో తీరుగా ఉంటుంది. పూసే వరస ఇంకొకటి. తొలి పూత, నడి పూత, కడ పూత అని కేటలాగుల్లో రాస్తారు. 'సారా బెర్న్‌హార్ట్' ఆలస్యంగా పూసే రకం. మీ వీధిలో పియోనీలన్నిటికంటే ముందే అది విచ్చుకుంటే అనుమానపడొచ్చు. తేదీ ఒక్కటే చూస్తే లాభం లేదు, వసంతం ఒక్కో ఏడు ఒక్కోలా వస్తుంది. పక్కనున్న మొక్కలతో పోల్చి వరస చూడాలి.

ఇక్కడ కొందరు ఒక పుకారు చెబుతారు, మట్టిని బట్టి పియోనీ రంగు మారుతుందని. హైడ్రాంజియా అనే వేరే పూల మొక్కలో కొన్ని రకాలకి అది నిజం. పుల్లటి మట్టిలో నీలం, లేకపోతే గులాబీ. పియోనీకి ఆ గుణం లేదు. ఎండకి, వేడికి రంగు వెలవడం మాత్రం ఉంది. 'కోరల్ చార్మ్' అని 1964 నాటి రకం పగడం రంగులో విచ్చుకుని, రోజులు గడిచేకొద్దీ పీచు పండు రంగుకి, చివరికి మీగడ రంగుకి దిగుతుంది. మా ఇంట్లో అది మొదటిసారి పూసినప్పుడు మావారు వారం రోజులు ఊరెళ్లి వచ్చి, "ఆ చెట్టు ఏదీ?" అని అడిగారు. ఎదురుగానే ఉంది. అందుకే ఫొటో ఒక్కటి సరిపోదు. విచ్చిన రోజు ఒకటి, మూడో రోజు ఒకటి, రాలబోయే ముందు ఒకటి తీసి పెట్టుకోండి.

మరి కంపెనీలు నిజంగా తప్పు మొక్క పంపవా అంటే, పంపుతాయి. చాలాసార్లు మోసం ఉద్దేశం ఉండదు. పేరున్న రకాన్ని విత్తనంతో పెంచరు, దుంప కోసి పెంచుతారు. తల్లి ఎలా ఉంటే పిల్ల అలాగే ఉంటుంది. విత్తనం పడి మొలిస్తే అది తల్లిలా ఉండదు. పైగా విత్తనం మొలవడానికే ఒకటి రెండు చలికాలాలు, పూయడానికి ఇంకో నాలుగైదేళ్లు కావాలి. ఫారంలో రాలిన విత్తనం మడిలోనే మొలిచి పెరిగితే, కోతలో అదీ కలిసిపోతుంది. కొన్ని సంకర రకాలకి మట్టిలో మిగిలిన వేరు ముక్క కూడా మళ్లీ కళ్లు వేస్తుంది. ఆ మడిలో మరో రకం నాటితే రెండూ కలగలుపే. ఇక తవ్వే రోజుల్లో దుంపలన్నీ ఒకేలా ఉంటాయి. చేతిలో ఉన్నది ఎర్రదో తెల్లదో ఆ రకాన్ని పుట్టించినవాడు కూడా చెప్పలేడు. ట్రే మారితే పేరు మారినట్టే.

ఇది ఇవాళ్టి బాధ కాదు. 1903లో అమెరికన్ పియోనీ సొసైటీ పుట్టినప్పుడే పేర్ల గందరగోళం పెద్ద తలనొప్పి. ఒకే మొక్కకి పది పేర్లు, ఒకే పేరుతో పది మొక్కలు. కార్నెల్ యూనివర్సిటీతో కలిసి ఎక్కడెక్కడి మొక్కల్నో తెప్పించి ఒకేచోట నాటి, ఏళ్ల తరబడి పూలు చూసి, ఏది ఏదో తేల్చే పని పెట్టుకున్నారు. ప్రొఫెసర్లు కూడా పూసేదాకా కూర్చుని చూడాల్సిందే. ఇప్పుడు కొత్త రకాల పేర్లు నమోదయ్యేది ఈ సొసైటీ దగ్గరే. మీ లేబుల్ మీద పేరుకి అధికారిక వర్ణన కావాలంటే వాళ్ల రిజిస్టర్ చూడండి. అమ్మేవాడి బొమ్మ కన్నా అది నయం.

చెట్టు పియోనీ కొన్నవాళ్లు ఈ ముక్క జాగ్రత్తగా చదవండి. అంటే, చలికాలంలో నేలమట్టానికి చావకుండా కొయ్య కొమ్మలతో నిలిచే రకం. దాన్ని ఎక్కువగా మామూలు పియోనీ వేరు మీద అంటు కడతారు. పై కొమ్మ చచ్చిపోయినా, కింద వేరు బతికే ఉంటే అదే మొలకెత్తుతుంది. రెండేళ్ల తర్వాత మీరు కొన్న పసుపుపచ్చ బదులు ఏదో గులాబీ పూస్తుంది. అమ్మినవాడు తప్పు పంపలేదు, అంటు పోయి వేరు గెలిచింది. నేలలోంచి నేరుగా, నున్నగా మెరిసే సన్నాకులతో కాడలు వస్తుంటే మట్టి తీసి, అవి అంటుకి కింద వేరులోంచి వస్తున్నాయో లేదో చూసి, వస్తుంటే మొదట్లోకి కోసేయండి. అంటు భాగం నాలుగు నుంచి ఆరు అంగుళాల లోతున ఉండేలా నాటితే పై కొమ్మ సొంతంగా వేళ్లు వేసుకుంటుంది.

మామూలు పియోనీకి లెక్క దీనికి పూర్తిగా రివర్సు. దుంప మొలక కళ్ల మీద ఒకటి నుంచి రెండు అంగుళాల మట్టి, అంతే. లోతుగా పాతితే ఆకు బ్రహ్మాండంగా వస్తుంది, పువ్వు మాత్రం రాదు. "అయిదేళ్లయింది, లేబుల్ తేల్చడానికి పువ్వేదీ?" అన్నవాళ్ల దగ్గర నేను మొదట తవ్వి చూసేది ఇదే. రోజుకి ఆరు గంటల ఎండ, నీళ్లు నిలవని నేల ఉండాలి. బఠాణీ గింజంత మొగ్గలు నల్లబడి ఆగిపోతుంటే వసంతంలో పడ్డ మంచో, బూజు తెగులో కారణం. చలికాలం ముందు ఎండిన కాడలు కోసి, పెరట్లో ఉంచకుండా పారేయండి. మొగ్గల మీద చీమలు ఉంటే వదిలేయండి. తీపి కోసం వస్తాయి, చెడూ చెయ్యవు, మొగ్గ విప్పడానికి వాటి సాయమూ అక్కర్లేదు.

ఇప్పుడు నా రెండో తప్పు. మొదటిసారి తొందరపడి నవ్వులపాలయ్యాను కదా, రెండోసారి మరీ పెద్దమనిషి తరహాగా ఊరుకున్నాను. ముదురు ఎరుపు అని కొన్న మొక్క మొదటి పూతలోనే బొమ్మలో లేని గులాబీ రంగుతో వచ్చింది. "చిన్న మొక్క, పెద్దయితే ముదురుతుంది" అని నాకు నేనే చెప్పుకున్నాను. నాలుగో ఏడు కూడా గులాబీయే. అప్పుడు రాస్తే, సరైన రకం కాకపోతే మార్చి ఇచ్చే గడువు దాటిపోయిందన్నారు. ఈసారి రూలు వాళ్ల వైపే ఉంది. నేను చదవలేదు.

కాబట్టి పెట్టె వచ్చిన రోజే ఆ గ్యారంటీ చదవండి. మొక్క బతుకుతుందనే హామీ వేరు, పేరు సరైనదే అనే హామీ వేరు. మొదటిది తరచుగా ఒక సీజనే. రెండోది కొందరు పువ్వు చూసేదాకా ఇస్తారు, కొందరు ఏళ్లు లెక్క పెడతారు. బిల్లు, ఆర్డర్ నంబరు, దుంప ఫొటో ఒక ఫోల్డర్‌లో పెట్టండి. మొక్క దగ్గర వాళ్లిచ్చిన ప్లాస్టిక్ బిళ్లని నమ్మకండి, రెండు చలికాలాలకి అక్షరాలు పోతాయి. పెరటి పటం కాగితం మీద గీసి, ఎక్కడ ఏది నాటారో రాసుకోవడం మేలు. మొదటి పూతలో రంగే తేడా వస్తే అప్పుడే ఫొటోతో ఒక చిన్న ఈమెయిల్ పెట్టండి, గొడవ అక్కర్లేదు: "అనుమానంగా ఉంది, వచ్చే పూత దాకా చూస్తాను, ఈ విషయం మీ రికార్డులో ఉంచండి." తేదీ పడింది కదా, తర్వాత గడువు దాటిందని అనలేరు. మిగతా తేడాలైతే మూడో పూత దాకా ఓపిక పట్టండి.

నీలం పియోనీ, ఇంద్రధనుస్సు పియోనీ అని విత్తనాలు అమ్మేవాళ్ల సంగతి వేరే. నిజమైన నీలం పియోనీ లేనే లేదు. దానికి మూడో పూత దాకా ఆగక్కర్లేదు, ఆర్డర్ పెట్టకపోతే చాలు.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు, వీసా సంగతి తేలనివాళ్లు అడుగుతారు, మూడేళ్లు ఇదే ఇంట్లో ఉంటామో లేదో, నాటమంటారా అని. నేల మీద నాటితే ఆ మొక్క ఇంటితోపాటే ఉండిపోవచ్చు, మీ తర్వాత కూడా దశాబ్దాలు పూస్తుంది. వెంట తీసుకెళ్లాలంటే ఆకులు రాలే కాలంలో తవ్వాలి. తవ్విన ప్రతిసారీ పూత లెక్క మళ్లీ మొదటి నుంచి. పెద్ద కుండీలో పెంచొచ్చు గానీ, నేలలో ఉన్నంత హాయిగా ఉండదు. దేశం దాటేవాళ్లు సూట్‌కేసులో దుంప పెట్టుకోవద్దు. మొక్కల క్వారంటైన్ నిబంధనలున్నాయి, పత్రాలు లేకుండా తెచ్చింది విమానాశ్రయంలోనే చెత్తబుట్టలోకి వెళ్తుంది. అసలు చలికాలం లేని చోటికి చేర్చినా వారాల తరబడి చలి తగలందే పియోనీ మొగ్గ తొడగదు.

మా నర్సరీ దోస్తు ఒకాయన ఓపిక మాటొస్తే తోయిచి ఇతో గురించి చెబుతుంటాడు. చెట్టు పియోనీకీ మామూలు పియోనీకీ పెళ్లి చేయాలని ఎందరో విఫలమయ్యాక, ఈ జపాన్ మనిషి 1948లో సాధించాడు. 1956లో పోయాడు, తన మొక్కలు పూయకముందే. పసుపుపచ్చని 'బార్ట్‌జెల్లా' లాంటి రకాల్ని ఇవాళ ఇతో పియోనీలనే పిలుస్తున్నారు. మనం మూడేళ్లకి విసుక్కుంటున్నాం.

ఎరుపని కొంటే గులాబీ రంగులో పూసిన ఆ మొక్క మా పెరట్లో ఇంకా ఉంది. పీకెయ్యలేదు. అసలు పేరేమిటో తెలుసుకుందామని రెండేళ్లుగా కేటలాగులు తిరగేస్తున్నాను. నడి పూత, తక్కువ వాసన, ఒకే కాడకి మూడు మొగ్గలు. ఎర్ర మరకల అమ్మాయి మొన్న ఫోన్ చేసి, ఈసారి తెల్లది తొమ్మిది పూలు పూసిందని, మరకలు ఆరు పూలకే వచ్చాయని, మిగతా మూడూ వేరే మొక్కవేమో అని అడిగింది. ఒకే దుంపలోంచి వచ్చాయా అన్నాను. చూసి చెబుతానంది.